మొయ్యొద్దన్న బరువు

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి బయల్దేరే స్త్రీకి మందుల చీటీతోపాటు కొన్ని నిషేధాలు కూడా చెప్పి పంపిస్తారు. ఆ చేతికి సూది వేయించుకోవద్దు. ఆ చేతికి బీపీ చూపించుకోవద్దు. ఆ చేత్తో బరువులు ఎత్తవద్దు. మొదటి రెండూ పాటించడం తేలికే, రెండో చెయ్యి చాపితే సరిపోతుంది. మూడోదానితోనే చిక్కు. నీళ్ల బిందె, గ్యాస్ బండ, పాతిక కిలోల బియ్యం బస్తా, తడి దుప్పట్లున్న బకెట్, ఎత్తుకోమని మారాం చేసే మనవడు. వీటిలో దేన్ని ఇకమీదట ఎవరు ఎత్తాలో ఆ చీటీలో రాసి ఉండదు. నెల తిరిగేసరికి ఎలాగూ ఆవిడే ఎత్తుతుంది. ఆ రాత్రి చెయ్యి లాగితే, తప్పు చేశానని భయపడుతుంది.

ఆ మూడో నిషేధం ఎక్కణ్ణుంచి వచ్చింది, పరీక్షకు ఎంతవరకు నిలబడింది, దాన్ని పక్కనపెట్టి బరువులతో కసరత్తు చేసిన స్త్రీలకి ఏం ఒనగూరింది, ఏం ఒనగూరలేదు? గత 30 ఏళ్లలో వీటిమీద పరిశోధన చాలానే పోగుపడింది. అందులో కొంత గట్టిది, కొంత తాలు. చెరిగి చూడాలి.

భయం ఊరికే పుట్టలేదు. 1890లలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ ప్రచారంలోకి తెచ్చిన ఆపరేషన్ రొమ్ముతో ఆగేది కాదు. దాని కింది ఛాతీ కండరాలు, చంకలోని లింఫ్ గ్రంథులు, అంటే మనవాళ్లు బిళ్ళలనేవి, అన్నీ కలిపి ఊడ్చేసేవారు. కొన్ని దశాబ్దాలపాటు అదే రాజమార్గం. చంకలో గ్రంథులు పోతే చేతిలోని లింఫు ద్రవం గుండెవైపు తిరిగివెళ్లే దారి తెగిపోతుంది. నీరు నిలిచి చెయ్యి ఉబ్బుతుంది. కోస్తా జిల్లాల వాళ్లకి బోదకాలు కొత్త కాదు. జరిగేది ఇంచుమించు అదే. అక్కడ దారి పాడుచేసేది పురుగు, ఇక్కడ కత్తి. ఆ కత్తి తర్వాత్తర్వాత చిన్నదైంది. గడ్డవరకే తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షు తగ్గదని అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబర్తో వెరొనేసి 1980లలో తేల్చారు. 1990లలో ముందుగా ఒకటి రెండు గ్రంథులే తీసి పరీక్షించే సెంటినెల్ పద్ధతి వచ్చింది. చెయ్యి వాచే ముప్పు బాగా తగ్గింది. సలహా మాత్రం పాత ఆపరేషన్ నాటిదే కొనసాగింది. పనిచేస్తే రక్తప్రసారం పెరుగుతుంది, అది పెరిగితే ద్రవం పెరుగుతుంది, దారిలేని చోట ద్రవం నిలిచిపోతుంది. ఈ తర్కం ఎంత సబబుగా ఉందంటే, దాన్ని ఒకసారి పరీక్షించి చూద్దామని చాలాకాలం ఎవరికీ తోచలేదు.

తోచినది ఒక క్రీడా వైద్యుడికి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసే డొనాల్డ్ మెకెంజీ 1996లో వాంకూవర్‌లో రొమ్ము క్యాన్సర్ చికిత్స అయిన 24 మందిని కూడగట్టి డ్రాగన్ పడవ ఎక్కించాడు. చైనా సంప్రదాయంలోని ఈ పొడుగాటి పడవని అందరూ ఒకే లయలో తెడ్లు వేసి నడపాలి. భుజం, ఛాతీ, చెయ్యి ఎడతెరిపి లేకుండా పనిచేయాలి. ఏది చేయొద్దన్నారో సరిగ్గా అదే. సీజన్ ముగిసేసరికి ఎవరికీ కొత్తగా వాపు రాలేదు, ఉన్న వాపు ముదరలేదు. ఈ సంగతి 1998లో కెనడా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. పోల్చిచూడటానికి రెండో జట్టు లేదు కనుక దీన్ని రుజువు అనలేం. కానీ భయానికి పడిన మొదటి బీట అదే. ఆ జట్టును చూసి ఎన్నో దేశాల్లో ఇలాంటి జట్లు పుట్టాయి.

రుజువు రావడానికి మరో పదకొండేళ్లు పట్టింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కాథరిన్ ష్మిట్జ్ బృందం అప్పటికే చెయ్యి వాచి ఉన్న 141 మంది స్త్రీలని తీసుకుని, చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీసింది. ఒక జట్టు ఏడాదిపాటు వారానికి రెండుసార్లు బరువులెత్తింది, రెండో జట్టు మామూలుగా ఉంది. మొదటి 13 వారాలు శిక్షకులు పక్కనుండి నేర్పారు. దాదాపు ఖాళీ చేతులతో మొదలుపెట్టించారు. రెండు పూటలు ఏ ఇబ్బందీ లేకుండా గడిస్తే అతి చిన్న మెట్టు పెంచారు. ఇంతకుమించి ఎత్తకూడదని గిరి మాత్రం గీయలేదు. 2009 ఆగస్టులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితం వచ్చింది. వాపు 5 శాతం, ఆపైన పెరిగినవాళ్లు బరువులెత్తిన జట్టులో 11 శాతం, ఎత్తని జట్టులో 12 శాతం. అంటే తేడా లేదు. మధ్యమధ్యలో వాపు ఉన్నట్టుండి ఎగదన్నిన సందర్భాలు మాత్రం ఎత్తినవాళ్లలో 14 శాతం, ఎత్తనివాళ్లలో 29 శాతం.

మరుసటి ఏడాది అదే బృందం వాపు ఇంకా రాని 154 మంది లెక్క చెప్పింది. కొత్తగా వాపు వచ్చినవాళ్లు ఎత్తిన జట్టులో 11 శాతం, ఎత్తని జట్టులో 17. చంకలో ఐదు, అంతకంటే ఎక్కువ గ్రంథులు తీసేసినవాళ్లని విడిగా చూస్తే ఎత్తినవాళ్లలో 7 శాతం, ఎత్తనివాళ్లలో 22. ఈ చివరి అంకె ఎంతో ఊరిస్తుంది గానీ చిన్న ఉపజట్టులో వచ్చింది కనుక దానిమీద మేడ కట్టకూడదు. బరువులు వాపుని నివారిస్తాయని చెప్పడానికి ఇది చాలదు. బరువుల వల్ల వాపు వస్తుందన్న మాట మాత్రం ఈ రెండు అధ్యయనాలతో తలెత్తుకోలేని స్థితికి వచ్చింది.

కారణం ఊహించడం కష్టం కాదు. లింఫు నాళాలకి గుండెలాంటి పంపు లేదు. నాళాలు సొంతంగా ముడుచుకోవడానికి తోడు, పక్కనున్న కండరం బిగిసి వదిలినప్పుడల్లా ద్రవం ముందుకు జరుగుతుంది. కండరం పనిచేయకపోతే ఆ నెట్టేవాడు నిద్రపోయినట్టే. రెండో కారణం ఇంకా మామూలుది. ఎత్తగలిగిన గరిష్ఠ బరువు పది కిలోలే అయిన చేతికి ఎనిమిది కిలోల బకెట్ పెద్ద దెబ్బ. ఇరవై కిలోలు ఎత్తగల చేతికి అదే బకెట్ సగం పని. నిషేధం ఏం చేసిందంటే, చేతిని మొదటి రకంగా ఉంచి, బకెట్‌ని అలాగే ఉంచింది.

‘ఇంటి పనంతా నేనే చేస్తున్నాను, ఇంకా కసరత్తు దేనికి?’ అనే ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఇంటి పనికి కొలత లేదు, మెట్లు లేవు. వారమంతా ఖాళీగా ఉన్న చేతిమీద పండగనాడు ఒక్కసారి పడుతుంది. కండరానికి నచ్చేది నియమం: ఇవాళ ఇంత, వచ్చే వారం ఇంకాస్త. పని అలసిపోయేలా చేయగలదు, బలపడేలా చేయాలంటే లెక్క ఉండాలి.

ఆ లెక్క సంగతి కాస్త చెప్పుకోవాలి. ఒక బరువుని ఒకే ఒక్కసారి, రెండోసారి కుదరనంతగా ఎత్తగలిగితే దాన్ని గరిష్ఠం అంటారు. గరిష్ఠంలో 60 నుంచి 80 శాతం బరువుని 8 నుంచి 12 సార్లు ఎత్తితే ప్రధానంగా బలం పెరుగుతుంది. అంతకంటే తేలిక బరువుని 15, 20 సార్లు ఎత్తితే అలసట లేకుండా ఎక్కువసేపు పనిచేసే గుణం, అంటే కండరానికి దమ్ము, పెరుగుతుంది. దీన్నే శాస్త్రజ్ఞులు బల సహనం అంటారు. నడక, సైకిల్, తెడ్డు గుండెకీ ఊపిరితిత్తులకీ దమ్ము ఇస్తాయి. అధ్యయనాల్లో ఇవి విడివిడిగానూ ఉన్నాయి, కలగలిసీ ఉన్నాయి. అందుకే ఒక పత్రంలో ‘వ్యాయామం మేలు చేసింది’ అని చదివినప్పుడు ఏ వ్యాయామమని అడగటం మంచిది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ పిలిచిన నిపుణులు 2018లో కూర్చుని మరుసటి ఏడాది ప్రకటించిన కొలత ఇది: వారానికి మూడుసార్లు అరగంట చొప్పున ఒక మోస్తరు ఆయాసం వచ్చే వ్యాయామం, వారానికి రెండుసార్లు బరువులు, ఒక్కో కసరత్తు 8 నుంచి 15 సార్లు, కనీసం రెండు విడతలు, గరిష్ఠంలో కనీసం 60 శాతంతో.

చేతి వాపు సంగతి తేలాక అసలు ప్రశ్న మిగిలింది. హాని లేదు సరే, మేలేమిటి?

కీమో నడుస్తున్న స్త్రీని ఎలా ఉందని అడిగితే నొప్పి గురించి కంటే ముందు ఒక మాట అంటుంది: ఓపిక లేదు. ఈ మాటకి మన భాషలో రెండు ముఖాలున్నాయి. ఒంట్లో సత్తువా ఓపికే, మనసులో సహనమూ ఓపికే. క్యాన్సర్ చికిత్సలో వచ్చే నిస్సత్తువ రెండింటినీ ఒకేసారి తినేస్తుంది. మామూలు అలసటలాగా పడుకుంటే పోయేది కాదు. పడుకున్నకొద్దీ కండరం కరుగుతుంది, కరిగినకొద్దీ చిన్న పనికే ఆయాసం, ఆయాసమని మళ్లీ పడక. ఇంట్లోవాళ్లు ప్రేమతో చెప్పే ‘నువ్వు లేవకు’ ఈ సుడిగుండంలోకి నెట్టే మాటే.

ఇది మనసు బలహీనత కాదని స్టాక్‌హోమ్‌లో కండరాన్ని సూదితో తీసి చూసిన అధ్యయనం చెబుతుంది. కరోలిన్‌స్కా సంస్థలో ఆప్టీట్రెయిన్ పేరుతో, కీమో తీసుకుంటున్న 240 మంది స్త్రీలతో 16 వారాలు నడిచిన ప్రయోగమది. ఒక జట్టు బరువులూ, ఆగి ఆగి వేగంగా తొక్కే సైకిలూ చేసింది. రెండో జట్టు బరువుల బదులు నిదానమైన సైకిల్, దానికి తోడు అదే వేగపు విడతలు చేసింది. మూడో జట్టుకి మామూలు సంరక్షణే. మామూలు సంరక్షణలో ఉన్నవాళ్లకి కీమోతోపాటు నిస్సత్తువ పెరిగింది, బరువులెత్తిన జట్టులో ఆ పెరుగుదల ఆగింది. కొద్దిమంది తొడ కండరం నుంచి తీసిన ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద పెడితే, వ్యాయామం లేనివాళ్ల కండరపు పోగులు సన్నబడ్డాయి, పోగుల్లో శక్తి పుట్టించే మైటోకాండ్రియా గుర్తులు తగ్గాయి. బరువులెత్తినవాళ్లలో అవి నిలబడ్డాయి. వాంతులు రాకుండా కీమోతో ఇచ్చే స్టెరాయిడ్లకి పదే పదే వాడితే కండరాన్ని తినే గుణం ఉంది. నలభైల్లో ఉన్న స్త్రీకి కీమో ఉన్నట్టుండి ముట్లుడిగేలా చేయడం ఇంకో దెబ్బ. అద్దంలో బరువు పెరిగినట్టు కనిపిస్తూనే లోపల కండ తరిగిపోవడం ఈ జబ్బులో మామూలు. అమెరికాలో 3,241 మంది రోగుల స్కాన్లు చూసి 2018లో ప్రకటించిన లెక్కలో మూడోవంతుమందికి కండ తక్కువగా ఉంది, వాళ్లలో మరణాలు కూడా ఎక్కువ. కండ పెంచితే మరణాలు తగ్గుతాయని దీని అర్థం కాదు. కండ తూకం చూడాల్సిన విషయమేనని మాత్రం అర్థం.

వ్యాయామం వల్ల నిస్సత్తువ తగ్గిందా, లేక వారానికి రెండుసార్లు నలుగురిలో కూర్చుని, ఒక శిక్షకుడు పేరుపెట్టి పలకరించడం వల్ల తగ్గిందా? గడుసు ప్రశ్న. చాలా అధ్యయనాలు దీన్ని దాటవేశాయి. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కారెన్ స్టైన్‌డోర్ఫ్ బృందం దాటవేయలేదు. రేడియేషన్ తీసుకుంటున్న 160 మందిలో సగంమందికి 12 వారాలు బరువులు, మిగతా సగానికి అన్నే వారాలు, అలాగే గుంపుగా, ఒళ్లు బిగించి వదిలే విశ్రాంతి సాధన. పలకరింపు రెండువైపులా ఒకటే. అయినా ఒంటి నిస్సత్తువ బరువుల జట్టులోనే ఎక్కువగా తగ్గింది. మనసుకి సంబంధించిన అలసట విషయంలో తేడా రాలేదు. ఈ రెండో వాక్యాన్ని వ్యాయామ ప్రచారకులు సాధారణంగా ఎత్తరు. ఓపిక మాటకి రెండు ముఖాలున్నా, డంబెల్ ముట్టుకునేది ఒకదాన్నే అన్నమాట. జీవన నాణ్యత లెక్కలో అక్కడ మెరుగైనవి కూడా నొప్పి, రోజువారీ పనులు చేసుకోగలగడం.

జీవన నాణ్యత అంటే ఏమిటో, దాన్నెలా కొలుస్తారో తెలియకుండా దాని గురించి వచ్చే అంకెల్ని నమ్మడం కష్టం. ఎక్కువగా వాడేది యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1993లో ప్రకటించిన 30 ప్రశ్నల పట్టిక. నడక, నిద్ర, ఆకలి, కుటుంబం, డబ్బు ఇబ్బంది అన్నీ అడిగి, నూటికి మార్కులు వేస్తారు. రొమ్ము క్యాన్సర్‌కి అనుబంధంగా మరో 23 ప్రశ్నలున్నాయి. ఆ 30లో మొట్టమొదటి ప్రశ్న బరువైన సంచీ లాంటివి మోయడంలో ఇబ్బంది ఉందా అని! బరువు మోయొద్దని ఇంటికి పంపించి, ఆర్నెల్ల తర్వాత బరువు మోయగలరా అని అడిగి, మోయలేనంటే జీవన నాణ్యత తగ్గిందని రాసుకోవడం. వైద్యశాస్త్రంలో ఎడమచెయ్యి చేసేది కుడిచేతికి తెలియని సందర్భాల్లో ఇదొకటి.

మార్కులు ఏం చెప్పాయి? కోక్రేన్ సంస్థ సమీక్షలు రెండు చూడాలి. చికిత్స జరుగుతుండగా వ్యాయామం చేసిన స్త్రీలమీద 2016లో వచ్చినదాంట్లో 32 అధ్యయనాలు, 2,626 మంది. నిస్సత్తువ కొంత తగ్గింది, శరీర దారుఢ్యం మెరుగైంది, జీవన నాణ్యతలో తేడా బహు స్వల్పం. చికిత్స ముగిశాక చేసిన వ్యాయామం మీద 2018లో వచ్చినది 63 అధ్యయనాలు, 5,761 మంది. అక్కడ జీవన నాణ్యత చిన్న నుంచి మధ్యస్థాయి దాకా మెరుగైంది, కానీ రుజువు నాణ్యత తక్కువేనని సమీక్షకులే రాశారు. కెనడాలో కెరీ కర్నియా 242 మందితో చేసి 2007లో ప్రకటించిన స్టార్ట్ అధ్యయనంలో, కీమో సమయంలో బరువులెత్తిన జట్టుకి జీవన నాణ్యత మార్కులు గణాంకపరంగా చెప్పుకోదగ్గంత పెరగనేలేదు. బలం పెరిగింది, కండ పెరిగింది, తనమీద తనకి గౌరవం పెరిగింది.

ఇది నిరాశ కలిగించే మాటలా ఉంది. నాకు అలా అనిపించదు. ఆ 30 ప్రశ్నల్లో డబ్బు చిక్కులూ, విరేచనాలూ, ఆకలీ కూడా ఉంటాయి. డంబెల్ వాటినేం చేయగలదు? అసలు బాగానే ఉన్నవాళ్లు అధ్యయనాల్లో ఎక్కువగా చేరతారు. తొంభై మార్కులున్నవాళ్లకి పెరగడానికి చోటు తక్కువ. పైగా కీమో సాగుతున్నప్పుడు మార్కులు పడిపోకుండా నిలవడమే గెలుపు. మొత్తం అంకె వెనక ఏ ముక్క కదిలిందో చూస్తే బొమ్మ వేరుగా కనిపిస్తుంది. కదిలేవి ఎప్పుడూ దాదాపు అవే: ఒంటి సత్తువ, పనులు చేసుకోగలగడం, నిస్సత్తువ, తన ఒంటిని తాను చూసుకునే చూపు. ఒక రొమ్ము పోయిన శరీరాన్ని అద్దంలో చూడటానికి వెనకాడే స్త్రీ, అదే శరీరం పోయిన నెలకంటే రెండు కిలోలు ఎక్కువ ఎత్తిందని గమనించడం చిన్న విషయమేమీ కాదు. ష్మిట్జ్ అధ్యయనంలో పాల్గొన్నవాళ్లలో ఈ చూపు మారడాన్ని విడిగా కొలిచి చూపించారు.

స్టార్ట్‌లో ఎవరూ ఊహించని ఇంకో ఫలితం కూడా వచ్చింది. రక్తకణాలు తగ్గడంతోనో, తట్టుకోలేకనో కీమో మోతాదు తగ్గించాల్సి రావడం, వాయిదా పడటం మామూలు. అనుకున్న మోతాదులో 85 శాతమైనా పూర్తిచేసుకున్నవాళ్లు మామూలు జట్టులో 66 శాతం ఉంటే బరువుల జట్టులో 78 శాతం. ఆ అధ్యయనం ప్రధానంగా దీన్ని కొలవడానికి రూపొందింది కాదు కనుక పట్టుకుని ఊగకూడదు. హార్మోన్ మాత్రల విషయంలో ఫలితం ఇంతకంటే గట్టిది. లెట్రోజోల్, అనస్ట్రోజోల్ వాడే చాలామందికి వేళ్లూ మోకాళ్లూ పట్టేసి, ఆ నొప్పులు పడలేక మాత్రలే మానేస్తారు. యేల్ విశ్వవిద్యాలయం నుంచి 2015లో వచ్చిన హోప్ అధ్యయనంలో అలాంటి 121 మందిలో వారానికి 150 నిమిషాల నడకా, రెండుసార్లు బరువులూ ఏడాదిపాటు చేసినవాళ్లకి తీవ్రమైన నొప్పి 29 శాతం తగ్గింది, చేయనివాళ్లకి 3 శాతం పెరిగింది. కీళ్లనొప్పులున్నవాళ్లని కదలొద్దనే మన అలవాటుకి ఇది నేరుగా ఎదురు.

ఇక్కడిదాకా ఉత్సాహంగా చదివినవాళ్లు ఒక చేదు ఫలితం కూడా చదవాలి. 2009 అధ్యయనం చేసిన ష్మిట్జ్ బృందమే తర్వాత 351 మందితో వైజర్ సర్వైవర్ అనే అధ్యయనం చేసింది. చెయ్యి వాచి ఉండి, ఒళ్లు కూడా ఎక్కువగా ఉన్న స్త్రీలు వాళ్లు. ఈసారి బరువుల కసరత్తు ప్రధానంగా ఇంట్లోనే. 2019లో ఫలితం: వాపు విషయంలో ఏ తేడా లేదు. వ్యాయామం మీద 34 అధ్యయనాల్లోని 4,519 మంది రకరకాల క్యాన్సర్ రోగుల లెక్కలన్నీ ఒకచోట పోసి నెదర్లాండ్స్‌కి చెందిన లారీన్ బఫార్ట్ 2017లో చూసినప్పుడూ ఇంటి కసరత్తే వెనకబడింది. శిక్షకుడి కళ్లముందు చేసిన వ్యాయామం జీవన నాణ్యతని పెంచిన మేరకు, ఇంట్లో సొంతంగా చేసినది పెంచలేదు. ఎందుకో జిమ్‌కి వెళ్లి మానేసిన ఎవరికైనా తెలుసు. ఇంట్లో బరువు పెంచేవాళ్లుండరు, చేసిన సార్లు లెక్కపెట్టేవాళ్లుండరు, భుజం తప్పుగా లేస్తే ఆపేవాళ్లుండరు. మొదటి నెల రెండు కిలోల డంబెల్, ఆరో నెలా రెండు కిలోల డంబెలే. అది కసరత్తు కాదు, అలవాటు. ఈ మొత్తం సాహిత్యం చదివాక నాకు మిగిలిన నమ్మకం ఇది: మేలు చేస్తున్నది ఇనుము కంటే ఎక్కువగా, ఆ ఇనుముని వారంవారం పెంచే మనిషి.

జబ్బు ఒంట్లో ఇతరచోట్లకి పాకినవాళ్లని ఈ చర్చలోంచి చాలాకాలం బయటే ఉంచారు. ఎముకకి పాకితే విరుగుతుందన్న భయం. 2024లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన ప్రిఫరబుల్ ఎఫెక్ట్ అధ్యయనం అలాంటి 357 మందితో ఐదు యూరప్ దేశాల్లోనూ ఆస్ట్రేలియాలోనూ జరిగింది. తొమ్మిది నెలలు, బరువులూ నడకా తూలిపోకుండా నిలిచే సాధనా, శిక్షకుల సమక్షంలో. నిస్సత్తువ తగ్గింది, జీవన నాణ్యత ఓ మోస్తరుగా పెరిగింది. విరిగే ప్రమాదమున్న ఎముక గడ్డలున్నవాళ్లని చేర్చుకోలేదన్న సంగతి మరచిపోకూడదు. నయం కాని జబ్బుతో బతుకుతున్న మనిషికి తన సంచీ తాను మోసుకోవడం ఎంత విలువైనదో ఆ మార్కుల పట్టిక చెప్పలేదు.

ఆయుష్షు పెరుగుతుందా? పెద్దపేగు క్యాన్సర్‌లో పెరుగుతుందని 889 మందితో చేసిన ఛాలెంజ్ అధ్యయనం 2025లో చూపించింది: ఎనిమిదేళ్లకి బతికున్నవాళ్లు వ్యాయామం జట్టులో 90 శాతం, రెండో జట్టులో 83. అది ప్రధానంగా నడకలాంటి వ్యాయామం, జబ్బు కూడా వేరు. రొమ్ము క్యాన్సర్‌లో బరువులు ఆయుష్షు పెంచుతాయని అలాంటి రుజువేదీ లేదు. అలా చెప్పి డంబెల్ అమ్మేవాళ్లని నమ్మనక్కర్లేదు.

మన దగ్గరికి వద్దాం. గ్లోబోకాన్ అనే ప్రపంచ క్యాన్సర్ లెక్క ప్రకారం 2022లో భారతదేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడినవాళ్లు 1 లక్షా 92 వేలు, చనిపోయినవాళ్లు 98 వేలు. పశ్చిమ దేశాలతో పోలిస్తే ఇక్కడ జబ్బు దాదాపు పదేళ్లు చిన్న వయసులో వస్తుంది, ముదిరాక తెలుస్తుంది. ముదిరాక తెలిస్తే చంకలో గ్రంథులు ఎక్కువ తీయాల్సి వస్తుంది. అంటే చేతివాపు ముప్పూ ఎక్కువ, ఆ చేత్తో ఇంకా గడపాల్సిన ఏళ్లూ ఎక్కువ. పై అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లు ఎక్కువగా తెల్లజాతి, చదువుకున్న, కాస్త కలిగిన స్త్రీలు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం రక్తహీనులని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కీమోకి ముందే తక్కువ రక్తంతో, పప్పు కూడా అందరూ తిన్నాక మిగిలినంతే తిని వచ్చే మనిషికి హైడెల్‌బర్గ్ కొలతలు అలాగే పెట్టేస్తే కుదరదు. హిమోగ్లోబిన్ చూడాలి, గుండెని దెబ్బతీసే మందులు వాడితే ఎకో చూడాలి, కాళ్లలో తిమ్మిర్లుంటే తూలిపడకుండా కూర్చోబెట్టి చేయించాలి, జ్వరముంటే ఆ రోజు మానేయాలి. ఇవేవీ కసరత్తుని కొట్టేయడానికి కారణాలు కావు, మెట్టు చిన్నది చేయడానికి కారణాలు.

మనకి సొంతమైన పరిశోధన ఎక్కువగా యోగా మీద ఉంది. బెంగళూరు పరిశోధకులు కీమో, రేడియేషన్ సమయంలో దాన్ని పరీక్షించారు. ముంబయి టాటా మెమోరియల్ జరిపిన పెద్ద అధ్యయనాన్ని 2022లో అమెరికాలోని శాన్ ఆంటోనియో రొమ్ము క్యాన్సర్ సదస్సులో వినిపించారు. యోగా మీద 24 అధ్యయనాల్ని చూసిన కోక్రేన్ సమీక్ష కూడా, ఏమీ చేయకపోవడంతో పోలిస్తే నిస్సత్తువ, నిద్ర, జీవన నాణ్యత మెరుగవుతాయని ఒప్పుకుంది. మనసు అలసట దగ్గర డంబెల్ చేతులెత్తేసిందని పైన చూశాం, అక్కడ యోగాకి పని ఉంది. కానీ వజ్రాసనంలో వారంవారం బరువు పెరగదు. యోగా చేస్తున్నాను, వాకింగ్‌కి వెళ్తున్నాను కనుక చేతికి వేరే ఏమీ అక్కర్లేదనుకోవడం పొరపాటు. పార్కులో పది చుట్లు తిరిగినా భుజం మేలుకోదు.

శిక్షకుడు ఎక్కణ్ణుంచి వస్తాడు? ఇక్కడ నిజంగా చిక్కున్నట్టు కనిపిస్తుంది. మండలానికొక క్యాన్సర్ ఫిజియోథెరపిస్టు కలలో మాట. కీమోకి వచ్చేది మూడు వారాలకోసారి, దాంతో కసరత్తు నేర్పడం కుదరదు. అయితే రేడియేషన్ అలా కాదు. వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఐదు వారాలు రోజూ రావాలి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికైనా, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రికైనా దూరపు ఊళ్లనుంచి వచ్చేవాళ్లు అన్ని వారాలూ రోజూ తిరగలేక దగ్గర్లోనే గది తీసుకునో, సత్రంలోనో ఉంటారు. హైడెల్‌బర్గ్ బృందం బరువులు మొదలుపెట్టించింది కూడా రేడియేషన్‌తోనే. పదిమంది ఆడవాళ్లు, ఒక ఫిజియోథెరపిస్టు, సాగే రబ్బరు పట్టీలు, ఇసుక పోసిన లీటరు, రెండు లీటర్ల సీసాలు, గోడవార నాలుగు కుర్చీలు. ఎవరెన్నిసార్లు ఎత్తారో, చేతి చుట్టుకొలత ఎంతుందో రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం. మూడు నాలుగు వారాల్లో తప్పులేకుండా ఎత్తడం వస్తుంది, బరువెప్పుడు పెంచాలో తెలుస్తుంది, అన్నిటికంటే ముందు ఎత్తినా చెయ్యి వాచదని సొంత కళ్లతో చూస్తారు. ఊరెళ్లాక ఫోనులో ఆ నోటుపుస్తకం కొనసాగించొచ్చు. రేడియేషన్ మిషన్ కింద ఒక్కొక్కరు ఉండేది కొద్ది నిమిషాలే. మిగతా పూటంతా వరండాలో, పక్కన స్కాన్ ఫైళ్ల సంచీ పెట్టుకుని, కూర్చునే ఉంటారు.